తీసుకోబడిన కత్తి

2023 మే 23న లండన్‌లో బోనమ్స్ అనే వేలం సంస్థ ఒక కత్తిని అమ్మింది. పదిహేను నుంచి ఇరవై లక్షల పౌండ్లు పలుకుతుందని ముందు అంచనా వేశారు. పాట ముగిసేసరికి, కమిషన్‌తో కలిపి, 1,40,80,900 పౌండ్లయింది. మన లెక్కలో నూట నలభై కోట్ల రూపాయల పైమాటే. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయాక టిప్పు సుల్తాన్ పడకగది దగ్గర దొరికిన కత్తి అది. అలుగు మీద బంగారంతో అక్షరాలు పొదిగారు. అందులో ‘షంషీర్-ఎ-మాలిక్’, అంటే ఏలిక ఖడ్గం అన్న మాట ఉంది. దేవుణ్ణి పిలిచే పేర్లున్నాయి.

అదే ఏడాది అక్టోబరులో, లండన్‌లోనే, క్రిస్టీస్ వాళ్ళు టిప్పుదే ఇంకో కత్తిని పాటకి పెట్టారు. అది కారన్‌వాలిస్ వంశం దగ్గర్నుంచి వచ్చింది. అంచనా ధర దాదాపు అంతే. కొనేవాళ్ళు దొరకలేదు.

ఒకే రాజు, ఒకే ఊరు, ఐదు నెలల తేడా. ఒకదానికి పై అంచనా మీద ఏడు రెట్లు, రెండోదానికి ఏమీ లేదు. ఈ తేడాని ఉక్కులోనో బంగారంలోనో వెతికితే దొరకదు. వాటి వెంట వచ్చిన కథల్లో ఉంది. అందుకే సాహిత్య పత్రికలో కత్తుల గురించి రాస్తున్నాను. యుద్ధకాలపు అలంకార ఖడ్గాల వ్యాపారం బయటికి లోహవిద్యలా కనిపిస్తుంది కానీ లోపల అది వాక్యాల వ్యాపారం. వేలం కేటలాగు అనేది ఒక రచనా ప్రక్రియ. దానికి పదజాలం ఉంది, శైలి ఉంది, చెప్పకుండా వదిలేసే పద్ధతి కూడా ఉంది. దాన్ని ఒక విమర్శకుడు చదివినట్టు చదివితే ఏమవుతుందో చూద్దామని ఈ ప్రయత్నం.

ముందు లోహానికి దాని న్యాయం చెయ్యాలి. లోహం చాలా చెప్తుంది.

మన కత్తుల మీద బంగారు పని ప్రధానంగా రెండు రకాలు. కోఫ్త్‌గరీలో ఉక్కు ఉపరితలం మీద సన్నగా, ఒత్తుగా అడ్డగీతలు గీసి గరుకు చేస్తారు. దానిమీద బంగారు తీగ పరిచి సుత్తితో కొడితే ఆ గరుకు బంగారాన్ని పట్టుకుంటుంది. తహ్‌నిషాన్‌లో ఉక్కులో కాలువ తవ్వి బంగారం కూరుస్తారు. ఇది కష్టం, ఖరీదు, మన్నిక. కోఫ్త్‌గరీ చేసిన పాత కత్తి మీద బంగారం అరిగినచోట అడియన అడ్డగీతలు బయటపడతాయి. కరెంటుతో బంగారు పూత పూసిన కొత్త కత్తి అరిగితే ఏ గీతలూ ఉండవు, నున్నటి ఉక్కే ఉంటుంది. ఒక భూతద్దం చాలు ఇది తేల్చడానికి.

రెండోది జౌహర్. మన దేశపు ముచ్చు ఉక్కుతో చేసిన అలుగు మీద నీటి అలల్లాంటి చారలు కనిపిస్తాయి. అవి ఉక్కు గడ్డలోనే ఉంటాయి. పైన సానపట్టి చెరిపేసినా, ఆమ్లం పూస్తే మళ్ళీ తేల్తాయి. నకిలీ జౌహర్ మామూలు ఉక్కు మీద ఆమ్లంతో తినిపించిన బొమ్మ. గట్టిగా సానపడితే పోతుంది, మళ్ళీ రాదు.

టిప్పు విషయంలో ఇంకొన్ని గుర్తులున్నాయి. పులిచారల నమూనా, దాన్ని బుబ్రీ అంటారు. పిడి మీద పులి తల. దేవుని సింహం అన్న అర్థం వచ్చే అరబ్బీ మాటల్ని పులి మొహంలా తిప్పి రాసిన ముద్ర. తండ్రి హైదర్ పేరులోని మొదటి అక్షరం. అన్నిటికన్నా నాకు నచ్చేది తేదీ. టిప్పు తన రాజ్యంలో మౌలూదీ అనే కొత్త శకం పెట్టాడు. అరబ్బీ లిపి కుడినుంచి ఎడమకి నడిచినా అంకెల్ని మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి రాస్తారు. టిప్పు తన కొత్త శకంలో ఆ అంకెల్ని కూడా కుడినుంచి ఎడమకి తిప్పించాడు. ఈ సంగతి తెలియని నకిలీకారుడు తేదీ చెక్కగానే దొరికిపోతాడు.

అయితే ఇవన్నీ ఎక్కడిదాకా తీసుకెళ్తాయి? వస్తువు ఎప్పటిది, ఏ పద్ధతిలో చేశారు, ఏ కార్ఖానా ముద్ర ఉంది, ఇంతవరకే. ‘టిప్పు కత్తి’ అనే మాట చూడండి. అది మన వ్యాకరణంలో షష్ఠీ తత్పురుష సమాసం. టిప్పు యొక్క కత్తి. ఆ ‘యొక్క’ లోపల ఎన్ని అర్థాలు దూరగలవో ఆలోచించండి. టిప్పు కార్ఖానాలో తయారైన కత్తి. టిప్పు సైన్యంలో ఎవరో సిపాయి పట్టుకున్న కత్తి. టిప్పు ఖజానాలో ఉన్న కత్తి. టిప్పు నడుముకి కట్టుకున్న కత్తి. చివరిరోజు చేతిలో ఉన్న కత్తి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ధరలో వందల రెట్ల తేడా ఉండొచ్చు. లోహపరీక్ష వీటిలో మొదటిదాన్ని రుజువు చెయ్యగలదు. కొంచెం నమ్మకంగా రెండోదాన్ని. మిగతావాటి గురించి ఉక్కు నోరు విప్పదు.

దీనికి తోడు మన కత్తి నిర్మాణమే ‘అసలు’ అన్న మాటకి అడ్డం వస్తుంది. తల్వారులో అలుగుకి పిడిలోకి దిగే ఒక ఇనప తోక ఉంటుంది. దాన్ని పిడిలో లక్క లాంటి జిగురు పోసి బిగిస్తారు. వేడిచేస్తే ఊడుతుంది. తాతగారి అలుగుకి మనవడు కొత్త పిడి వేయించుకోవడం, ఓడిపోయినవాడి అలుగుకి గెలిచినవాడు తన పిడి తొడగడం ఆ రోజుల్లో మామూలే. ఐరోపా నుంచి వచ్చిన అలుగులకి మన పిడులు వేసి ‘ఫిరంగీ’ అని పిలిచారు. ఇక్కడి కమ్మరులు ఐరోపా కార్ఖానాల గుర్తుల్ని తమ అలుగుల మీద చెక్కారు కూడా. అలుగు ఒక శతాబ్దం, పిడి ఒక శతాబ్దం, ఒర మరోటి అయితే ఇప్పటి సేకరణదారు పెదవి విరుస్తాడు. వాడుకున్నవాడికి అది ఒకే కత్తి.

సంతకాల సంగతీ అంతే. పర్షియాలో ఇస్ఫహాన్‌కి చెందిన అసదుల్లా అన్న కత్తుల పనివాడి పేరుతో ప్రపంచంలో ఉన్నన్ని అలుగులు ఒక మనిషి పది జన్మలెత్తినా చెయ్యలేడు. ఆ పేరు మంచి కత్తికి గుర్తుగా మారిపోయింది, కాబట్టి ఇరాన్‌లోనూ ఇండియాలోనూ తరతరాలుగా చెక్కుతూ పోయారు. ఇందులో మనకి సంబంధించిన తమాషా ఒకటుంది. ఆ ఇస్ఫహాన్ కత్తులకి కావలసిన ఉక్కులో కొంత వెళ్ళింది మన నిజామాబాద్ వైపు కోనసముద్రం కొలుముల నుంచి. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్ళిన వోయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఇస్ఫహాన్ వర్తకుడొకడు కొలిమి దగ్గరే ఉండి ఉక్కు తీయించుకోవడం చూసి రాశాడు. అంటే ఇక్కడి ఉక్కు అక్కడికి వెళ్ళి పేరు తెచ్చుకుంది. ఆ పేరు తిరిగి ఇక్కడికొచ్చి ఇక్కడి ఉక్కు మీద కూచుంది. ఆ సంతకాన్ని నకిలీ అని కొట్టిపారెయ్యడం నాకు సబబుగా తోచదు. మన సాహిత్యంలో ఇది కొత్త కాదు. దొరికిన ప్రతి కొంటె చాటుపద్యాన్నీ శ్రీనాథుడికి అంటగట్టాం. వేమన మకుటం తగిలించిన పద్యాల్లో ఎన్ని వేమనవో ఎవరూ తేల్చలేకపోయారు. మకుటం అక్కడ కర్త పేరు కన్నా ఒక సంప్రదాయం పేరు. కత్తి మీద అసదుల్లా కూడా అంతే.

ఉక్కు చెప్పలేదు, సంతకం చెప్పలేదు. ఇక మిగిలింది కాగితం.

సేకరణదారుల్లో ఒక సామెత ఉంది: వస్తువుని కొను, కథని కొనకు. మంచి సలహానే. జర్మన్ నాజీ బాకుల నుంచి జపాన్ సైనికాధికారుల ఖడ్గాల దాకా ఎక్కడ చూసినా మోసాలు కథ రూపంలోనే వస్తాయి కాబట్టి పుట్టిన సామెత. కానీ బజారు ఈ సలహా పాటించదు. జపాన్ నుంచి అమెరికన్ సైనికుడు 1945లో తెచ్చుకున్న ఖడ్గం వెంట, దాన్ని యుద్ధంలో పట్టుకున్నట్టు పై అధికారి సంతకం చేసిన కాగితం ఉంటే ధర పెరుగుతుంది. టిప్పు వస్తువుల విషయంలో ఇది శిఖరానికి చేరింది. పడకగది కత్తికి కోటి నలభై లక్షల పౌండ్లు వచ్చాయంటే, దానికి మేజర్ జనరల్ డేవిడ్ బెయర్డ్ పేరు తోడుగా ఉంది. కోట మీద దాడి నడిపించింది బెయర్డే. ఆయన ధైర్యానికి మెచ్చి సైన్యం తరఫున ఆ కత్తిని కానుకగా ఇచ్చారు. కారన్‌వాలిస్ 1793లోనే ఇండియా వదిలి వెళ్ళిపోయినవాడు. ఆయన వంశం దగ్గరున్న కత్తికి ఆ రోజు నెత్తురూ పొగా లేవు. దాన్నెవరూ కొనకపోవడానికి అది కూడా ఒక కారణం అయ్యుంటుందని నా ఊహ.

దీని అర్థం ఏమిటో నెమ్మదిగా చెప్పుకుందాం. ఒక కత్తి టిప్పుదని నిర్ధారించేది టిప్పు పక్షం రాసిన ఏ పట్టికా కాదు. అతన్ని చంపిన సైన్యం రాసుకున్న పంపకాల లెక్క. దోపిడీకి ఇచ్చిన రసీదే అసలుతనానికి పూచీ. రసీదు ఎంత స్పష్టంగా ఉంటే వస్తువు అంత అసలుది.

దోపిడీ అన్న మాట నేను తిట్టుగా వాడటం లేదు. అప్పటి సైన్యంలో అదొక వ్యవస్థ. కోట పడ్డ రాత్రి సిపాయిలు, సైనికులు విచ్చలవిడిగా దోచుకున్నారు. ఆ తర్వాత దోపిడీని క్రమబద్ధం చెయ్యడానికి ప్రైజ్ కమిటీ కూచుంది. లెక్క రాసి, వేలం వేసి, హోదాని బట్టి వాటాలు పంచింది. టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేసింది ఈ క్రమబద్ధమైన దోపిడీయే. గవర్నర్ జనరల్ దాన్ని పూర్తిగా రాజుగారికి పంపాలనుకున్నాడు, కానీ అప్పటికే పగలగొట్టేశారు. బంగారు పులి తల ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. సింహాసనం అంచుల మీది చిన్న పులి తలలు తలా ఒక ఇంటికి చేరాయి. అలాంటి ఒక తల దేశం దాటిపోకుండా 2021లో బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతి అనుమతిని ఆపింది. దాని విలువ పదిహేను లక్షల పౌండ్లని చెప్పింది. అది వాళ్ళ వారసత్వ సంపద కాబట్టి పోకూడదట.

ఇప్పుడు కేటలాగు భాషకి వద్దాం. ఆ ప్రక్రియలో క్రియాపదాలు చాలా తక్కువ. అవి కూడా ఎప్పుడూ అవే. కత్తి గదిలో ‘కనుగొనబడింది’. కోట నుంచి ‘తీసుకోబడింది’. జనరల్‌కి ‘సమర్పించబడింది’. ఆ తర్వాత ‘వంశక్రమంగా సంక్రమించింది’. ఇంగ్లీషులో ఈ వాక్యాలు నున్నగా సాగిపోతాయి. తెలుగులో రాస్తే పంటికింద రాళ్ళలా తగుల్తాయి. కర్మణి ప్రయోగం తెలుగుకి అంతగా పడదని మన వ్యాకరణవేత్తలు ఎప్పటినుంచో చెప్తున్నారు. మనం ‘దొంగ పట్టుబడ్డాడు’ అంటాం కానీ ‘కత్తి తీసుకోబడింది’ అంటే వినేవాడు వెంటనే ‘ఎవరు తీసుకున్నారు?’ అని అడుగుతాడు. తెలుగు వాక్యం కర్తని అడుగుతుంది. పేరు చెప్పకపోయినా ‘తీసుకున్నారు’ అని బహువచనంలో అయినా మనుషుల్ని నిలబెడుతుంది. కేటలాగు మీద విమర్శ చెయ్యాలంటే పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. దాన్ని మామూలు తెలుగులోకి తెస్తే చాలు.

‘సమర్పించబడింది’ లోపల ఏముందో చూడండి. బెయర్డ్ యౌవనంలో, 1780 పొల్లిలూరు యుద్ధంలో హైదర్, టిప్పుల సేనకి చిక్కి మూడేళ్ళకి పైగా శ్రీరంగపట్నంలో ఖైదీగా ఉన్నాడు. 1799లో అదే ఊరి మీద దాడికి ముందు నడిచాడు. గెలిచాక ఆ ఊరి అధికారం మాత్రం ఆయనకి ఇవ్వలేదు. ఆయనకన్నా కిందివాడైన ఆర్థర్ వెల్లెస్లీకి ఇచ్చారు. ఆ వెల్లెస్లీ గవర్నర్ జనరల్ తమ్ముడు. బెయర్డ్ మండిపడ్డాడు. ఆ నేపథ్యంలో చూస్తే ఖడ్గం కానుక వీరపూజలాగా ఉంటూనే బుజ్జగింపులాగా కూడా కనిపిస్తుంది నాకు. ఇంగ్లీషు అధికారుల మధ్య ఒక అలక తీర్చడానికి చచ్చిపోయిన రాజు కత్తి పనికొచ్చింది. బెయర్డ్ పోయాక ఆయన భార్య డేవిడ్ విల్కీ చేత ఒక పెద్ద బొమ్మ గీయించింది. లాంతరు వెలుగులో టిప్పు శవాన్ని బెయర్డ్ కనుక్కోవడం అందులో దృశ్యం. 1839లో పూర్తయింది, ఇప్పుడు ఎడిన్‌బరోలో ఉంది. కాగితం, కత్తి, బొమ్మ మూడూ ఒకే కథ చెప్తాయి. మూడూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి.

ఆ విల్కీ పేరే పెట్టుకున్న నవలాకారుడు ఈ కథని తిరగేశాడు. విల్కీ కాలిన్స్ 1868లో రాసిన ‘మూన్‌స్టోన్’ని ఇంగ్లీషు డిటెక్టివ్ నవలకి మొదటి గట్టి మెట్టుగా చెప్పుకుంటారు. నవల మొదలయ్యేది శ్రీరంగపట్నం దోపిడీతోనే. బెయర్డ్ కూడా అందులో కనిపిస్తాడు, దోచుకునేవాళ్ళని ఉరితీస్తానని హెచ్చరిస్తూ. హెర్న్‌కాసిల్ అనే అధికారి చేతిలో నెత్తురోడే బాకు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ బాకు పిడి చివర వజ్రం పొదిగి ఉంటుంది. చుట్టూ ఇద్దరు చచ్చిపడి, ఒకడు చావబోతూ ఉంటారు. చూసింది అతని వరసకి సోదరుడు. చంపడం కళ్ళారా చూడలేదు కాబట్టి ఫిర్యాదు చెయ్యలేకపోతాడు. ఇక అతనితో నాకు పొత్తు లేదని చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ళ కోసం ఒక కాగితం రాస్తాడు. నవల ఉపోద్ఘాతం ఆ కాగితమే.

అలంకరించిన యుద్ధ ఆయుధం, శ్రీరంగపట్నం, కుటుంబ పత్రం. కేటలాగులో ఉండే సరుకంతా ఇక్కడుంది. తేడా ఒక్కటే. కేటలాగులో కుటుంబ పత్రం వస్తువుకి హామీ. కాలిన్స్ చేతిలో అది నేరానికి సాక్ష్యం. అందులో రాసింది నిజమని నమ్మినకొద్దీ వస్తువు విలువ పెరగదు, ఇంట్లో అశాంతి పెరుగుతుంది. ఆ వజ్రం మేనకోడలికి పుట్టినరోజు కానుకగా వస్తుంది. కానుక వెనక ప్రేమ ఉందా, పగ ఉందా అని కుటుంబమంతా తన్నుకులాడుతుంది. ‘వంశక్రమంగా సంక్రమించింది’ అన్న చప్పటి మాటకి నవల రాసిన వ్యాఖ్యానంగా దాన్ని చదవొచ్చు. మన హిందువుల్ని ఆ నవల చూపించిన తీరులో అప్పటి ఇంగ్లీషు దురభిప్రాయాలు లేకపోలేదు. కానీ ఏ కాగితం దేనికి రుజువో ఆ నవలాకారుడికి తెలిసినంత ఇప్పటి వేలం రచయితలకి తెలియదు. తెలిసినా రాయరు.

రసీదు లేని కత్తులేమయ్యాయో కూడా చెప్పుకోవాలి. తంజావూరు రాజుల ఆయుధాగారంలో నాయక, మరాఠా కాలాల కత్తులు, కఠార్లు గుట్టలుగా ఉండేవి. గుడి శిల్పంలా చెక్కిన పిడులు, యాళి మొహాలు, చిలకలు. 1863లో దాన్ని ఖాళీ చేసినప్పుడు చాలా భాగం విరగ్గొట్టి పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. వాల్‌హౌస్ అనే సివిల్ ఉద్యోగి 1878లో దీని గురించి బాధగా రాశాడు. బతికినవి మద్రాసు మ్యూజియంలోనూ విదేశాల్లోనూ ఉన్నాయి. ఆ విరగ్గొట్టినవాటిలో పనితనం తక్కువై కాదు. వాటి వెంట ఏ జనరల్ పేరూ లేదు, ఏ యుద్ధంలో ఎవరి చేతికి దొరికిందో రాసిపెట్టిన ముక్క లేదు. దోచుకున్న కత్తి గాజు పెట్టెలోకి వెళ్ళింది, ఊరికే ఉండిపోయిన కత్తి కరిగిపోయింది. ఏది దాచాలి, ఏది పారెయ్యాలి అన్నది కళావిలువ బట్టి జరిగిందని అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడిదాకా వచ్చి, వాళ్ళు దోచారు మనం పోగొట్టుకున్నాం అని ముగిస్తే సుఖంగానే ఉంటుంది. తెలుగువాళ్ళం అలా తప్పుకోలేం. 1799లో శ్రీరంగపట్నం ముందు ఇంగ్లీషువాళ్ళ పక్కన హైదరాబాద్ సైన్యం ఉంది. మీర్ ఆలం దాని వెంట వెళ్ళాడు. హైదరాబాద్‌లో జూపార్కు పక్కనున్న మీర్ ఆలం చెరువు ఆయనకి ఆ యుద్ధంలో వచ్చిన వాటాతో కట్టించిందేనని చెప్తారు. టిప్పు ఖజానాలో ఉన్నవన్నీ అతని కష్టార్జితమూ కాదు. మలబారు నుంచి కడప దాకా అతనూ తండ్రీ చేసిన యుద్ధాల ఫలం కూడా అందులో ఉంది. కూర్గులో, మలబారులో ఆ పేరు ఇప్పటికీ ఎలా వినిపిస్తుందో తెలుసు. టిప్పు వీరుడా క్రూరుడా అన్న తగువు తేలాకే కత్తి గురించి మాట్లాడాలంటే ఎప్పటికీ మాట్లాడలేం. కత్తిని ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు అన్న ప్రశ్న ఆ తగువు మీద ఆధారపడదు.

పంచుకున్నది కత్తుల్నీ సింహాసనాన్నీ మాత్రమే కాదు. 1792, 1799 యుద్ధాల పంపకాల్లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు నిజాం వాటాకి వచ్చాయి. 1800లో ఆయన వాటిని, తన దగ్గరుంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద, కంపెనీకి రాసిచ్చాడు. ఇంగ్లీషులో వాటిని ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు. మనవాళ్ళు దాన్ని ‘దత్త మండలాలు’ అని తెలుగు చేసుకున్నారు. దత్త అంటే ఇవ్వబడిన. కేటలాగులో కత్తి ‘సమర్పించబడినట్టే’ ఇక్కడ జిల్లాలు ఇవ్వబడ్డాయి. ఎవరు ఎవరికి ఎవర్ని ఇచ్చారు అని ఆ మాట చెప్పదు. నూట ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, 1928లో నంద్యాల సభలో ఆ పేరు మాకొద్దని ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. ఆ పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు. అది చిన్న విషయమేం కాదు. తమని ఒక పంపకాల లెక్కలో వస్తువుగా నిలబెట్టిన క్రియాపదాన్ని ఒక ప్రాంతం తిరస్కరించింది. కేటలాగుల భాష మీద నాకున్న అభ్యంతరం ఎక్కడినుంచి వచ్చిందంటే ఇక్కడినుంచే అనుకుంటాను.

సేకరణదారుల వాదనా వినాలి. మేం కొని దాచకపోతే ఇవన్నీ తంజావూరు కత్తుల్లా ఇనప కొట్టుకి పోయేవి అంటారు. నిజమే. టిప్పు తుపాకుల మీద ఇప్పటికీ అందరూ ఆధారపడే పుస్తకాన్ని 1992లో రాసింది రాబిన్ విగింగ్టన్ అనే ఇంగ్లీషు సేకరణదారు. ఒక్కో ముద్రనీ తేదీనీ పోల్చి చూసిన ఓపిక ఆయనది. ఏ విశ్వవిద్యాలయమూ ఆ పని చెయ్యలేదు. అయితే 2015 ఏప్రిల్‌లో ఆయన కూడబెట్టిన సేకరణలోంచి ముప్పై వస్తువులు వేలానికొచ్చాయి. అరవై లక్షల పౌండ్ల పైన వసూలయింది, పులి తల పిడి ఉన్న ఒక్క కత్తికే ఇరవై ఒక్క లక్షలు దాటింది. ఒకచోట ఉన్నందువల్ల చదవగలిగిన వస్తువులు మళ్ళీ ముప్పై దారుల్లో పోయాయి. పుస్తకం మిగిలింది, అందులోని గ్రంథాలయం చెదిరింది. దాచడం వాళ్ళ వల్ల అయింది, ఉంచడం కాలేదు.

మరి తిరిగి తెచ్చుకోవడం? 2019లో బెర్క్‌షైర్‌లో ఒక కుటుంబానికి అటక మీద పాత వార్తాపత్రికల్లో చుట్టిన టిప్పు ఆయుధాలు దొరికాయి. కంపెనీ ఉద్యోగి మేజర్ థామస్ హార్ట్ తెచ్చుకున్నవి. భారత ప్రభుత్వం వైపునుంచి అమ్మకం ఆపమని అడిగారు, అమ్మకం జరిగిపోయింది. మన 1972 పురావస్తువుల చట్టం ఇక్కడినుంచి బయటికి పోకుండా ఆపగలదు, అంతే. 1970 యునెస్కో ఒప్పందం వెనక్కి వెళ్ళి పనిచెయ్యదు. ఇక మిగిలింది కొనడం. విజయ్ మాల్యా టిప్పు కత్తిని కొని దేశానికి గౌరవం తెచ్చాడని 2004లో పత్రికలు రాశాయి. ఆ కత్తి కలిసిరాలేదని ఎవరికో ఇచ్చేశాడని 2018లో లండన్ కోర్టులో చెప్పుకొచ్చారు. ఒక వ్యాపారి అప్పుల లెక్కలో ఆస్తిగా ఉంటే అది తిరిగొచ్చినట్టా? పైగా కొన్న ప్రతిసారీ మనం ఆ రసీదుకి డబ్బు కడుతున్నాం. దోపిడీ ఎంత బాగా నమోదైతే అంత ఎక్కువ కడుతున్నాం.

వస్తువులు రాకముందే మనం చెయ్యగలిగిన పని ఒకటుంది, అది రాత పని. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఔరంగజేబు, టిప్పు పేర్లతో చెప్పే ఆయుధాలున్నాయి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసుకునే కత్తి చూడటానికి పిల్లల్ని తీసుకెళ్తాం. పేరు కనిపించిన గాజు పెట్టె దగ్గర ఆగుతాం, లేనిదాన్ని దాటేస్తాం. ఏ మ్యూజియమైనా పక్కన పెట్టే చీటీలో మూడు సంగతులు విడివిడిగా రాయాలి: ఉక్కూ పనితనమూ ఏం చెప్తున్నాయి, కాగితం ఏం చెప్తోంది, ఆ కాగితం ఎవరు రాశారు. మూడోది చాలాచోట్ల ఉండదు. అది ఉంటే నకిలీ ఏది అసలు ఏది అన్న ప్రశ్న కూడా మారుతుంది. కార్ఖానాలో నిన్న చేసిన బుబ్రీ కత్తి అబద్ధం చెప్తుంది. నిజంగా టిప్పుదే అయిన కత్తి పక్కన ‘సమర్పించబడింది’ అని రాస్తే అదీ పూర్తి నిజం చెప్పదు.

పడకగది కత్తికి నా మటుకు నేను ఇలా రాస్తాను: మైసూరు రాజు టిప్పు సుల్తాన్ కత్తి. ఉక్కు అలుగు మీద బంగారు అక్షరాలు, ఏలిక ఖడ్గమని, దేవుడి పేర్లని. చేసినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. 1799 మే 4న ఈస్టిండియా కంపెనీ సైన్యం, హైదరాబాద్ నిజాం సైన్యం తోడుగా, శ్రీరంగపట్నాన్ని పట్టుకుని టిప్పుని చంపింది. అతని గది దగ్గర ఈ కత్తిని తీసుకుంది. దాడి నడిపించిన డేవిడ్ బెయర్డ్‌కి ఇచ్చింది. బెయర్డ్ వంశం దాచుకుంది. 2023లో లండన్‌లో అమ్మారు. ఇది టిప్పుదని మనకి చెప్పింది, తీసుకున్నవాళ్ళే.